పనిల్నే ఉన్న, పని లేదు

మా అక్క జాకెట్లు కుట్టే దర్జీ తార్నాక చౌరస్తాకు కొంచెం ఇవతల, సైకిల్ షాపు పక్కన ఉండేవాడు. అతను బుధవారం అన్నాడంటే పై బుధవారం అని అర్థం. ఆ పై బుధవారం వెళితే ఇంకా కాజాలు మిగిలాయనేవాడు. హైదరాబాదు వచ్చినప్పటి నుంచీ అక్క ఆ తిరుగుళ్లకు అలవాటు పడిపోయింది. అలాంటిది అరవై ఏడు వేసవిలో ఒక బుధవారం, సరిగ్గా చెప్పిన రోజున, బట్టలు కుట్టి, ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి ఇంటికే తెచ్చి ఇచ్చాడు. అక్క ఆ పొట్లం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఊళ్లో ఏదో అయిందిరా," అంది నాతో.

"దర్జీకి బుద్ధొచ్చింది, అంతే," అన్నాను.

"బుద్ధొస్తే ఒక్కడికి వస్తుంది. మొన్న మంగలి ఇంటికొచ్చి మీ బావ జుట్టు పెరిగిందేమో కనుక్కుని వెళ్లాడు. కిరాణా కొట్టాయన నాకు కుర్చీ వేయించాడు. ఇన్నేళ్లలో ఆ కొట్లో కుర్చీ ఉందనే నాకు తెలీదు."

నేను అప్పటికి ఎం.ఏ. ఎకనామిక్స్ మొదటి సంవత్సరం పూర్తి చేశాను. బావ రైల్వే ఆఫీసులో గుమాస్తా. బందరు దగ్గరి మా ఊరి నుంచి నన్ను చదువు కోసం వాళ్లింటికి పంపారు. వ్యాపార చక్రాల గురించి, మాంద్యం గురించి లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు చదివి, పేజీలకు పేజీలు పరీక్షలో రాసి వచ్చినవాణ్ని. కుర్చీ వేయించిన కిరాణా కొట్టాయనకూ ఆ పుస్తకాలకూ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు. రూపాయి విలువ తగ్గించిన మరుసటి ఏడు అది. రెండేళ్లు వరసగా వానలు పడలేదు. బియ్యం కోసం కార్డు పట్టుకుని క్యూలో నిలబడేది నేనే. అయినా తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే విసుగు.

ఈ దర్జీ సంగతి మా ప్రొఫెసరు గారికి నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు. మంచి మనిషి, విద్యార్థుల్ని ఎప్పుడూ కసిరేవారు కాదు, కానీ అంకె లేని మాట ఆయన చెవికెక్కేది కాదు.

"అవి కబుర్లయ్యా. దేశంలో జరుగుతున్నది తాత్కాలికమైన సర్దుబాటు. నీకు అంత ఆసక్తిగా ఉంటే సెలవుల్లో సర్వే చేయి," అని సైక్లోస్టైల్ చేసిన ఫారాల కట్ట ఒకటి నా చేతిలో పెట్టారు. తార్నాక వెనక, రైలు పట్టాల వైపు ఉన్న గల్లీలు నా వంతు. పగలు పదింటి నుంచి నాలుగింటి లోపల వెళ్లమన్నారు. ఆ వేళప్పుడు మగవాళ్లు పనుల మీద ఉంటారట, ఆడవాళ్లయితే ఉన్నది ఉన్నట్టు చెబుతారట.

ఫారం ఇంగ్లీషులో ఉంది. దాన్ని నేనే తెలుగు చేసుకున్నాను. 'గృహ యజమాని ప్రధాన వృత్తి' దగ్గర మొదలై చాలా దూరం వెళుతుంది. వృత్తి కింద మూడే గడులు: ఉద్యోగి, స్వయం ఉపాధి, నిరుద్యోగి. ఏదో ఒక దాంట్లో టిక్కు పెట్టాలి.

మొదటి రోజు మొదటి ఇంటి తలుపు కొడితే మగమనిషి తీశాడు. రెండో ఇంట్లోనూ మగమనిషే. మూడో ఇంట్లో ఇద్దరు మగవాళ్లు గడప మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తున్నారు. అందరూ నన్ను రేషను ఆఫీసు నుంచి వచ్చాననుకుని, కార్డులో ఉన్న తలకాయలన్నీ ఇంట్లో ఉన్నాయని ముందే ఒట్టు పెట్టి తలుపు వేసుకున్నారు. ఎండ మాడిపోతోంది. నాలుగో ఇంటికి వచ్చేసరికి నా సహనం అయిపోయింది.

ఆ ఇంట్లో తలుపు తీసినాయనకు నలభై ఏళ్లుంటాయి. ఖాకీ ప్యాంటు, ఇస్త్రీ మడత నలగకుండా ఉంది. చేతిలో స్క్రూ డ్రైవరు. లోపల చాప మీద ఒక కుట్టు మిషను విడి భాగాలుగా పరిచి ఉంది. యూనివర్సిటీ నుంచి వచ్చానని చెబితే మర్యాదగా లోపలికి పిలిచి, స్టూలు తుడిచి వేశాడు.

"ఏం పని చేస్తారండీ?"

"ఫిట్టర్ సార్. మౌలాలి దిక్కు ఫౌండ్రీల."

"ఇవాళ సెలవా?"

"సెలవు గాదు."

"మరి?"

"పనిల్నే ఉన్న. పని లేదు."

నా పెన్ను మూడు గడుల మీదా తిరిగింది. వంటింట్లోంచి ఆయన భార్య గొంతు వినిపించింది.

"పని లేదని రాయుండ్రి సార్. ఫౌండ్రీల మిషన్ మొఖం సూడక మూడు నెలలాయె."

"రాయకుండ్రి సార్," అన్నాడాయన. "రోజు పొద్దుగాల ఎనిమిదింటికి గేటు కాడికి పోయి దస్కత్ పెట్టొస్తున్న. పని లేనోడు దస్కత్ ఎట్ల పెడ్తడు, మీరే చెప్పుండ్రి."

"దస్కత్ పెట్టుడు పనా?" అంటూ ఆమె బయటికి వచ్చింది. చేతులు పసుపు పచ్చగా ఉన్నాయి. "గీడికెల్లి సైకిల్ తొక్కుకుంట పోతడు, దస్కత్ పెడ్తడు, మల్ల సైకిల్ తొక్కుకుంట వస్తడు. పదింటికి ఇంట్ల ఉంటడు. గప్పటి సంది నా పానం తింటడు."

ఇద్దరినీ అడిగి, మధ్యలో ఇద్దరినీ ఆపి, నేను తెలుసుకున్నది ఇది. ఆ ఫౌండ్రీ రైలు వ్యాగన్లకు కావలసిన ఇనుప భాగాలు పోతపోసేది. ఆర్డర్లు ఆగిపోయాయి. మనుషుల్ని తీసేయలేదు, 'లేఆఫ్' అన్నారు. రోజూ పని వేళకు గేటు దగ్గరికి వచ్చి సంతకం పెట్టినవాడికి సగం జీతం. పెట్టకపోతే అదీ లేదు. అందుకని ఆ గల్లీలోంచి ప్రతి ఉదయం ఒక సైకిళ్ల వరస మౌలాలికి వెళ్లి, చేయని పనికి సంతకాలు పెట్టి తిరిగి వస్తోంది. మేనేజరు సాబు కొత్త ఆర్డరు వస్తుందన్నాడని ఆయన నమ్మకం. మేనేజరు సాబు సామాను లారీకెక్కిందని ఆమె విన్న మాట.

"నా గురించి రాసుకోరా?" అని అడిగిందామె. "మీ యూనివర్సిటీ హాస్టల్ మెస్‌ల కూరగాయలు కోస్తున్న రెండు నెలల సంది. నాకు పని ఉన్నది."

ఫారంలో గృహ యజమాని వృత్తి తప్ప ఇంకెవరి వృత్తీ అడగలేదని చెప్పాను. ఆమె నన్ను ఒకసారి, ఫారాన్ని ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

గడి ఖాళీగా వదిలేశాను. ప్రొఫెసరు గారు ఆ ఫారం వెనక్కి ఇచ్చేశారు. ఖాళీ ఉండడానికి వీల్లేదన్నారు. రెండు రోజుల తర్వాత మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. ఈసారి చాప మీద కిరసనాయిలు స్టవ్వు విప్పి ఉంది. ఆ వేసవిలో ఆయన ఆ గల్లీలోని కుట్టు మిషన్లు, కుళాయిలు, సైకిళ్లు, తలుపు బందులు, అన్నీ విప్పి బిగించాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. తను ఫౌండ్రీ మనిషినని, రిపేరు పని చేసుకునేవాడిని కాదని చెప్పేవాడు. మూడు నెలలుగా ఫౌండ్రీ గ్రీజు తగలక గోళ్లు తెల్లబడ్డాయని నాకు చేతులు చాపి చూపించాడు.

"ఇంట్ల బిగించనీకి ఇంక ఏం మిగల్లే సార్," అంది ఆమె. "మొన్న నా మెట్టెలు వదులున్నయని పట్కారు తెచ్చిండు."

నేను నవ్వితే ఆమె నవ్వలేదు.

ఆయన నా ఫారం తీసుకుని, తెలుగులో నేను రాసుకున్న ప్రశ్నలు ఒక్కొక్కటే చదివాడు. "'గృహ యజమాని ప్రధాన వృత్తి' అంటే మా గల్లీల ఎవ్వరికి సమజ్ గాదు సార్. ఇల్లు కిరాయిది, యజమాని వారాసిగూడల ఉంటడు. ఆయన సంగతి మాకేం ఎర్క అంటరు. గందుకే తలుపులు ఏస్తున్నరు. నేనొస్తా, నడువుండ్రి."

వద్దన్నాను. సర్వే చేసేవాడు ఒంటరిగా వెళ్లాలని పుస్తకంలో ఉంది. ఆయన చొక్కా వేసుకుని వచ్చేశాడు. నేను కొట్టిన తలుపులనే ఆయన కొట్టాడు. "ఏంది తమ్మీ, ఏ షిఫ్టు?" అని నవ్వుతూ అడిగితే అవతలివాడు కూడా నవ్వి, నేను వారం తిరిగినా చెప్పించలేని సంగతులన్నీ చెప్పాడు. పొయ్యి ఎన్నిసార్లు ముట్టిస్తున్నారు, బియ్యంలోకి జొన్నలు ఎంత కలుపుతున్నారు, పిల్ల బడి ఎందుకు మానింది, అన్నీ. నాలుగు రోజుల్లో నా కట్ట సగానికి పైగా అయిపోయింది. కానీ ప్రతి ఇంటి దగ్గరా అదే తగాదా. నేను 'నిరుద్యోగి' అని టిక్కు పెట్టబోతే ఆయన నా చేయి పట్టుకునేవాడు.

"గట్ల రాయకుండ్రి సార్. నారాజ్ అయితడు."

"మరేం రాయమంటారు? పని చేయడం లేదు కదా?"

"ఆగి ఉన్నడు అని రాయుండ్రి."

గడిలో పట్టదని మొత్తుకున్నాను. గడి పక్కన రాయమన్నాడు. చివరికి ఫారం తర్వాత ఫారం అంచుల్లో 'ఆగి ఉన్నాడు', 'ఆగి ఉన్నాడు' అని రాసుకుంటూ పోయాను. మధ్యాహ్నపు ఎండలో, చెమటకు సిరా అలుక్కుపోతూ, ఒక ఫిట్టరు చెప్పింది రాసుకుంటున్నానేమిటని లోలోపల చిరాకు పడుతూనే రాశాను.

ప్రొఫెసరు గారు ఆ కట్టంతా తిరగేసి కళ్లజోడు తీశారు.

"ఏమిటిది?"

"వాళ్లు లేఆఫ్‌లో ఉన్నారండీ. రోజూ సంతకం పెట్టి వచ్చేస్తారు."

"సంతకం పెడుతున్నాడంటే రోల్స్‌లో పేరున్నట్టే. ఉద్యోగి."

"ఇంట్లో కూర్చుని స్టవ్వులు బాగుచేస్తున్నాడండీ."

"ఆ గడి లేదు కదయ్యా."

"ఇంకో గడి వేసుకుంటే?"

"మిగతా చోట్ల చేసిన ఫారాలతో దీన్ని పోల్చాలి. నీ ఒక్కడి కోసం నాలుగో గడి వేస్తే పోల్చేదెలా? అన్నీ సరిచేసి రేపు తీసుకురా."

ఆయన కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ చిరాకు తెప్పించింది. కోప్పడి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ని. మా కాలేజీ రాతి మెట్ల మీద కూర్చుని, అంచుల్లోని మాటలన్నీ కొట్టేసి, 'ఉద్యోగి' గడుల్లో వరసగా టిక్కులు పెట్టాను. ఒక గంట కూడా పట్టలేదు. మా రిపోర్టులో తార్నాక ప్రాంతంలో ఉద్యోగాల పరిస్థితి నిలకడగా ఉందని ఒక వాక్యం వచ్చింది.

ఆ సంగతి ఫిట్టరుకు చెప్పకుండా ఉంటే సరిపోయేది. చౌరస్తాలో ఎదురుపడి, ఏం రాశారని అడిగితే, "మా సారు మీ మాటే ఒప్పుకున్నారు, ఉద్యోగంలో ఉన్నట్టే రాశాం," అన్నాను. తప్పించుకుపోవడానికి అన్న మాట. ఆయన ముఖం విప్పారింది. నన్ను ఇరానీ హోటల్లోకి లాక్కుపోయి చాయ్ తాగించాడు. హోటల్లో తెలిసినవాళ్లందరికీ, యూనివర్సిటీవాళ్లే రాసుకున్నారని, ఆర్డరు రావడం ఖాయమని చెప్పాడు. ఆ చాయ్ వేడిగా ఉందని వంక పెట్టి నేను చాలాసేపు తల ఎత్తలేదు.

ఆషాఢంలో వానలు మొదలయ్యాయి. కాలేజీ తెరిచారు. ఒక మధ్యాహ్నం క్లాసు అయి బయటికి వస్తుంటే మెట్ల కింద ఫిట్టరు భార్య నిలబడి ఉంది. మెస్ నుంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగు నడుముకు దోపి ఉంది. హాస్టల్ పక్కనే ఉన్నా ఆ రాతి కట్టడం దగ్గరికి ఎప్పుడూ రాలేదట.

"సార్, గేటుకు తాళం ఏసి ఇరవై దినాలాయె," అంది. "అందర్ని తీసేసినమని నోటీసు అంటించిండ్రు. మిగిలినోళ్లంత ఎక్కడోళ్లక్కడ పోయిండ్రు. ఈయన ఇంకా రోజు పోతుండు. వాచ్‌మన్ తోని మాట్లాడి వస్తడు. దస్కత్ పెట్టనీకి బుక్కు గూడ లేదాడ."

"మరి నేనేం చెయ్యగలనమ్మా?"

"పనిల్నే ఉన్నడని మీరు కాయితం మీద రాసిండ్రట గద. యూనివర్సిటీల రాసి ఉన్నది, సర్కారుకు పోయింది, నన్నెట్ల తీస్తరు అంటుండు. గది కొట్టేయుండ్రి సార్."

ఆమె ఏడవడం లేదు. నా మీద చిరాకు పడుతోంది, అది న్యాయమే.

"భువనగిరిల మా తమ్మునికి మోటార్ల దుకాణం ఉన్నది. కరువుకు బాయిలల్ల నీళ్లు అడుగుకు పోయినయి, అందరు మోటార్లు పెట్టించుకుంటున్నరు. చేసేటోళ్లు దొరుకుతలేరు, బావను తోలమని రెండుసార్లు మనిషిని పంపిండు. పొమ్మంటే, నాకు నౌకరి ఉన్నది అంటడు. మీరు చదువుకున్నోళ్లు, మీరన్నా చెప్పుండ్రి. నేను గా మెస్‌ల ఎన్ని దినాలని కొయ్యాలె? ఆడ గూడ గట్లనే ఉన్నది. పాసైన పోరగాండ్లు నౌకర్లు లేక రూములు ఖాళీ చేస్తలేరు. ఎంత కోసినా కూర సాలుతలేదు."

ముందు డిపార్టుమెంటుకు వెళ్లాను. ఆ ఫారాలు కట్టలు కట్టి ఎక్కడికో పంపేశారని ప్యూను చెప్పాడు. ఎక్కడికని అడిగితే తెలియదన్నాడు. ప్రొఫెసరు గారు ఊళ్లో లేరు. అక్కడి నుంచి తడుస్తూ ఆ గల్లీకి వెళ్లాను. ఆయన గడపలో కూర్చుని పక్కింటివాళ్ల గొడుగు ఊచలు సరిచేస్తున్నాడు. నేను కూర్చోకుండానే చెప్పాను.

"నేను రాసింది తప్పండీ. మీకు పని లేదు. అప్పుడూ లేదు."

"మీ సారు ఒప్పుకున్నడంటిరి?"

"ఆయనా తప్పే. ఫారంలో మీకు సరిపోయే గడి లేదు. అందుకని అలా రాశాం. ఆ కాగితానికి ఏ విలువా లేదు. దాన్ని చూసి ఎవరూ గేటు తెరవరు."

ఆయన గొడుగు మూశాడు, తెరిచాడు, మళ్లీ మూశాడు.

"మల్ల గప్పుడు గట్ల ఎందుకు చెప్పిండ్రు?"

భువనగిరి సంగతి ఎత్తబోయాను. ఆయన తల పైకెత్తకుండా, "వాన తగ్గింది, పోరాదుండ్రి సార్," అన్నాడు. వాన తగ్గలేదు. నేను వానలోనే వచ్చేశాను. దారి పొడుగునా ఆయన మీద కోపం, ప్రొఫెసరు గారి మీద కోపం, ఆ ఫారం తయారుచేసిన ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి మీద కోపం. నన్ను నేను తిట్టుకునేసరికి తార్నాక వచ్చేసింది.

వారం తర్వాత వెళ్లి చూస్తే ఆ ఇంటికి తాళం ఉంది. ఎద్దుల బండిలో సామాను వేసుకుని భువనగిరి వెళ్లిపోయారని, సైకిలు మాత్రం ఆయన తొక్కుకుంటూనే వెళ్లాడని పక్కింటివాళ్లు చెప్పారు.

మరుసటి వేసవిలో నేను ఎం.ఏ. మొదటి తరగతిలో పాసయ్యాను. దరఖాస్తులు పెట్టాను. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ క్యూలో నా ముందు ఇంజినీరింగు చదివినవాళ్లు నిలబడి ఉంటే, బి.ఏ. వాళ్లు వాళ్లకు ధైర్యం చెబుతున్నారు. పగటిపూట ఇంట్లో ఉండడం అలవాటైంది. బావ ఆఫీసుకు వెళ్లాక అక్కకు కూరగాయలు తరిగి పెట్టేవాణ్ని. రేడియో సరిచేస్తానని విప్పితే, అది మళ్లీ పలకలేదు. దాంతో అక్క నన్ను ఏ వస్తువూ ముట్టుకోనిచ్చేది కాదు.

దసరా ముందు ఒకరోజు నేను ఇంటర్వ్యూకని వెళ్లి, అది వాయిదా పడిందని తెలుసుకుని ఇంటికి వచ్చేసరికి, ఫిట్టరు భార్య వచ్చి వెళ్లిందని అక్క చెప్పింది. పాత గల్లీలో ఎవరిదో పెళ్లికి వచ్చిందట. మా ఇల్లు కనుక్కుని మరీ వచ్చి, ఒక సంచీ నిండా సీతాఫలాలు ఇచ్చి వెళ్లింది.

"ఆయనకి తీరికే లేదటరా," అంది అక్క. "మోటార్లు విప్పీ బిగించీ చేతులు ఊడిపోతున్నాయట. రైతులు బళ్ల మీద తెచ్చి వరసలో కూర్చుంటారట. అయినా ఇది ఫిట్టరు పని కాదని రోజూ సణుగుతాడట. పడలేకపోతున్నానంది."

"నా గురించి ఏమైనా అన్నాడటా?"

"ఆ సారుకు నౌకరి దొరికిందా అని కనుక్కుని రమ్మన్నాడట."

"నువ్వేం చెప్పావు?"

"ఇంకా పై చదువు చదువుతున్నాడని చెప్పాను."

"పరీక్షలైపోయి అయిదు నెలలైంది కదక్కా. అబద్ధం ఎందుకు?"

"ఖాళీగా ఉన్నాడని చెప్పమంటావా వచ్చిన మనిషితో? బాగుండదు," అని అక్క సంచీ విప్పి, మెత్తబడిన పళ్లు ఒకవైపు, గట్టివి ఒకవైపు పెట్టడం మొదలుపెట్టింది.

నాకు ఒళ్లు మండింది. ఎదురుగా కూర్చుని, మెత్తబడినవాటిలోంచి ఒకటి తీసుకుని తిన్నాను. ఉద్యోగం ఆ పై ఏడాది దొరికింది, ఒక జిల్లా ఊళ్లో ప్రైవేటు కాలేజీలో, అదీ తాత్కాలికంగా. అక్కడికి భువనగిరి మీదుగా చాలాసార్లు బస్సులో వెళ్లాను. దిగి ఆ దుకాణం ఎక్కడో అడగాలని ప్రతిసారీ అనుకునేవాణ్ని, ఒక్కసారీ దిగలేదు.